రెండో సంతకం

పోయిన సంచికలో ఇంటి అప్పు గడువుకు ముందే తీర్చడం గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం కారు గురించి ఉన్నాయి! కొత్త కార్లలో దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు వచ్చిందట కదా, దానికోసం లక్షన్నరో రెండు లక్షలో అదనంగా అప్పు చేయవచ్చునా అని షోలాపూరు నుంచి ఒకరు, బళ్ళారి నుంచి ఇద్దరు అడిగారు. బరంపురం నుంచి ఒక రిటైర్డు మాస్టారు రాసిన ఉత్తరం మాత్రం వేరు. "పిల్లలు సంక్రాంతికి రాత్రంతా కారు నడుపుకుంటూ వస్తారు. వాళ్ళు గుమ్మం ముందు దిగేదాకా మా ఇద్దరికీ కంటిమీద కునుకు ఉండదు. ఆ యంత్రం ఉన్న కారు కొంటే మేము నిద్రపోవచ్చునా, చెప్పండి" అని అడిగారు. మొదటి ముగ్గురిదీ డబ్బు ప్రశ్న, మాస్టారిది ప్రాణం ప్రశ్న. రెండూ ముడిపడినవే కనుక కలిపే జవాబు రాస్తున్నాను.

నేను చదివింది బి.కాం., కాబట్టి మొదట లెక్క చూద్దాం. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అక్కయ్య కొడుకు కిందటి నెల హోసూరు వచ్చి రెండు కొటేషన్లు నా ముందు పెట్టాడు. ఒకే కారు, ఒకే ఇంజను. మధ్య మోడలుకూ పై మోడలుకూ తేడా 1,90,000 రూపాయలు. "మామా, సేఫ్టీ కోసం ఆ మాత్రం పెట్టకపోతే ఎట్లా?" అన్నాడు. 9 శాతం వడ్డీ, ఐదేళ్ళ గడువు అయితే లక్షకు నెల వాయిదా 2,076 రూపాయలు. ఆ ప్రకారం 1,90,000కు నెలకు సుమారు 3,945. ఐదేళ్ళలో వడ్డీయే 46,000 పైచిలుకు. అంటే వాడి "సేఫ్టీ" ఖరీదు 2,36,000 దాటింది. పోనీ, ప్రాణం కంటే ఎక్కువా అంటే కాదు. అయితే ఆ 1,90,000లో ఏమేమి ఉన్నాయో పైకి చదవమన్నాను. సన్‌రూఫ్, పెద్ద టచ్ స్క్రీన్, లెదర్ సీట్లు, ఎనిమిది స్పీకర్లు, సీట్లకు చల్లగాలి, ఆ తరువాత ఎక్కడో చివర్న మనం మాట్లాడుకుంటున్న భద్రతా ఏర్పాట్లు. మందుబిళ్ళ కావాలంటే మిఠాయి పొట్లం కూడా కొనాలన్నట్టుంది వ్యవహారం. షోరూము కుర్రవాడు కూడా ముందు సన్‌రూఫే తెరిచి చూపించాడట.

ఇంతకీ ఆ ఏర్పాట్లు ఏమిటి? అన్నిటినీ కలిపి షోరూముల్లో "అడాస్" అంటున్నారు. డ్రైవరుకు సాయపడే ఏర్పాట్లు అని దాని అర్థం. ముందు అద్దానికి లోపలివైపు, వెనుక వచ్చే బండ్లను చూసుకునే అద్దం చాటున ఒక కెమెరా ఉంటుంది. కారు ముందు భాగంలో, బంపరులోనో కంపెనీ చిహ్నం వెనుకో, చాలా కార్లలో ఒక రాడారు ఉంటుంది. కెమెరా రోడ్డు మీది గీతల్ని, మనుషుల్ని, వాహనాల్ని గుర్తుపడుతుంది. ముందు బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో పోతోందో రాడారు కొలుస్తుంది. కొన్ని కార్లలో కెమెరా ఒక్కటే ఉంటుంది.

ఈ కళ్ళతో కారు చేసే పనులు రెండు రకాలు. బ్రోషర్లలో అన్నీ కలగలిపి పదిహేనో ఇరవయ్యో అంశాలుగా వేస్తారు గాని, నిజానికి రెండే రకాలు. మొదటి రకంలో మీరు నడుపుతారు, అది చూస్తూ ఉంటుంది. ముందు బండికి మరీ దగ్గరైతే కూత పెడుతుంది. అయినా మీరు బ్రేకు నొక్కకపోతే తానే నొక్కుతుంది. ఇండికేటరు వేయకుండా గీత దాటితే హెచ్చరిస్తుంది. పక్క అద్దంలో కనపడని చోట ఎవరైనా ఉంటే దీపం వెలిగిస్తుంది. రెండో రకంలో అదే నడుపుతుంది, మీరు చూస్తూ ఉండాలి. ముందు బండిని బట్టి వేగం తగ్గిస్తూ పెంచుతూ, రెండు గీతల మధ్య స్టీరింగు తానే తిప్పుకుంటూ పోతుంది. "లెవెల్ టూ" అని గొప్పగా చెప్పేది దీన్ని. అయితే ఆ లెవెల్లో కూడా బాధ్యత మొత్తం డ్రైవరుదేనని కారుతో ఇచ్చే పుస్తకంలో ప్రతి కంపెనీ రాసుకుంటుంది.

బ్యాంకులో పని చేసినవాళ్ళకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. మా దగ్గర ప్రతి లావాదేవీకీ ఇద్దరు కావాలి. ఒకరు రాయాలి, మరొకరు సరిచూసి పాస్ చేయాలి. లెడ్జర్ల రోజుల్లో అది రెండో సంతకం, కంప్యూటర్లు వచ్చాక రెండో పాస్‌వర్డు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, రాసేవాడి పొరపాట్లు చాలావరకు ఆ రెండో సంతకం దగ్గర పట్టుబడతాయి. పట్టుబడనిది ఎప్పుడంటే, రాసేవాడు మహా నమ్మకస్తుడని పేరు పడినప్పుడు. పదివేల వోచర్లు సరిగ్గా ఉన్నాక ఆ తరువాతి వోచరును ఎవరు చూస్తారు? చెయ్యి దానంతట అదే సంతకం పెట్టేస్తుంది. మోసాలు దూరేది ఆ సందులోనే.

కారులో మొదటి రకం ఏర్పాట్లు ఉన్నప్పుడు మనిషి రాస్తాడు, యంత్రం రెండో సంతకం పెడుతుంది. యంత్రానికి విసుగు లేదు, ఫోను రాదు, వెనుక సీట్లో పిల్లల గొడవ వినపడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు ఫోను వంక చూస్తే 44 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఆ రెండు సెకన్లు చూసేందుకు ఇంకొకరు ఉండడం చిన్న మేలు కాదు. రెండో రకంలో యంత్రం రాస్తుంది, రెండో సంతకం మనిషిది. గంటల తరబడి ఏమీ చేయకుండా, కళ్ళప్పగించి చూస్తూ, అవసరమైన ఒక్క సెకనులో మేల్కొనడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఇది నా ఊహ అనుకోకండి. అమెరికాలో బీమా కంపెనీల సొమ్ముతో నడిచే హైవే భద్రతా సంస్థ ఐ.ఐ.హెచ్.ఎస్. అని ఒకటి ఉంది. పరిహారాలు తగ్గితేనే లాభపడే వాళ్ళ లెక్క కనుక నాకు కాస్త గురి. ముందు బండిని వెనుక నుంచి గుద్దే ప్రమాదాలు, హెచ్చరిక మాత్రమే ఇచ్చే కార్లలో 27 శాతం, తానే బ్రేకు కూడా వేసే కార్లలో 50 శాతం తగ్గాయని ఆ సంస్థ తేల్చింది. స్టీరింగు కూడా తానే తిప్పుకునే కార్ల లెక్క 2024లో తీస్తే, ఆ ఏర్పాటు వల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. పవర్ విండో లాగా అదొక సుఖం, అంతే.

2016 మే నెలలో ఫ్లోరిడాలో జరిగిన ప్రమాదం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. టెస్లా కారు ఆటోపైలట్ మీద పోతూ, అడ్డంగా రోడ్డు దాటుతున్న తెల్లని ట్రైలరు కిందికి దూసుకుపోయింది, నడిపే ఆయన చనిపోయారు. యంత్రమూ బ్రేకు వేయలేదు, మనిషీ వేయలేదు. ఆటోపైలట్ నడిచిన 37 నిమిషాల్లో ఆయన చేతులు స్టీరింగు మీద ఉన్నట్టు నమోదైంది 25 సెకన్లు మాత్రమేనని విచారణలో తేలింది. మన దేశంలోనూ హైవే మీద స్టీరింగు వదిలేసి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని వీడియోలు తీసుకుంటున్న వాళ్ళను ఫోన్లలో చూస్తున్నాం. చేతులు ఉన్నట్టు భ్రమ కలిగించడానికి స్టీరింగుకు నీళ్ళ సీసా కట్టేవాళ్ళూ ఉన్నారట. తెలివి ఎక్కడికి పోతోందో చూడండి.

ఐరోపా దేశాల్లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ తానే బ్రేకు వేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అక్కడి రోడ్లకు కుదిరింది ఇక్కడ కుదురుతుందా అన్నది అసలు ప్రశ్న.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం ప్రమాదాల్లో దాదాపు ఐదో వంతు వెనుక నుంచి గుద్దినవే. ఆ మేరకు బ్రేకు వేసే యంత్రానికి ఇక్కడ పని ఉంది. కానీ చనిపోయిన వాళ్ళలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీదివాళ్ళు, మరో 19 శాతానికి పైగా పాదచారులు. అంటే కారు కళ్ళు గుర్తుపట్టవలసింది ముఖ్యంగా వీళ్ళను. అమెరికాలో ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్ళు 2019లో పరీక్షిస్తే, పాదచారిని చూసి బ్రేకు వేయవలసిన కార్లు చీకట్లో దాదాపు పనికిరాకుండా పోయాయి. తరువాత వచ్చిన కార్లు కొంత మెరుగుపడ్డాయి. అయినా దీపం లేని ఊరి దగ్గర నల్ల దుప్పటి కప్పుకుని రోడ్డు దాటే మనిషి ఏ కెమెరాకైనా కష్టమే.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఈ కెమెరాలు చదువుకున్న బడి వేరు. జర్మనీలోనో అమెరికాలోనో తీసిన లక్షల ఫోటోలు చూపించి వీటికి రోడ్డంటే ఏమిటో నేర్పుతారు. ఆ ఫోటోల్లో మన ఆటో ఉండదు, ఎదురొచ్చే ట్రాక్టరు ఉండదు, నడిరోడ్డున నెమరువేసే ఆవు ఉండదు. ఈ లోటు తీర్చడానికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వాళ్ళు ఇంటెల్ కంపెనీతో కలిసి హైదరాబాదు, బెంగుళూరు రోడ్ల మీద కారు తిప్పి, 10,000 చిత్రాలతో ఒక భండారం తయారు చేసి 2018లో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. అందులో ఆటోకు వేరే పేరు, జంతువులకు వేరే పేరు, డాంబరు అంచున బండి పోగలిగిన మట్టి నేలకు కూడా వేరే పేరు. మన రోడ్డును ఉన్నది ఉన్నట్టుగా యంత్రానికి పరిచయం చేసింది తెలుగునేల మీది సంస్థ అని తెలిసి ముచ్చటేసింది. ఆ అనుభవంతోనే 2021లో నాగపూరులో "ఐరాస్తే" అనే పథకం మొదలైంది. సిటీ బస్సులకు ముందు ప్రమాదాన్ని హెచ్చరించే కెమెరాలు బిగించి, అవి ఏ మలుపులో ఎక్కువగా కూస్తున్నాయో చూసి ఆ మలుపును బాగుచేయించాలన్నది ఆలోచన. తరువాత తెలంగాణ ఆర్.టి.సి. బస్సులకూ దాన్ని విస్తరించారు. కూత డ్రైవరుకు ఒక్కసారే పనికొస్తుంది. బాగుపడిన మలుపు దారినపోయే ప్రతివాడికీ పనికొస్తుంది. నాకు నచ్చింది ఈ సంగతి.

మా హోసూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎప్పుడైనా రాత్రి ప్రయాణం చేశారా? డ్రైవరు టీ తాగడానికి, టైరు మార్చడానికి ఎడమ పక్కన ఆపిన లారీ ఉంటుంది. వెనుక దీపం ఉండదు, ఎర్రరంగు మెరుపు పట్టీ ఉంటే మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. కదిలే వాహనాన్ని పట్టినంత బాగా ఆగి ఉన్నదాన్ని, అందులోనూ వంద కిలోమీటర్ల వేగంలో, ఈ యంత్రాలు పట్టలేకపోవచ్చునని కంపెనీల పుస్తకాల్లోనే హెచ్చరిక ఉంటుంది. మన హైవేల మీద అసలు భయం అదే కదా! ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటు వస్తుంది. అక్కడ దిగుడులో బ్రేకులు పట్టని లారీలు ముందు బండ్ల మీద పడడం తమిళనాడు వాళ్ళకు కొత్త వార్త కాదు. వెనుక నుంచి వచ్చే లారీని మన కారు కెమెరా ఏం చేయగలదు? అందుకే 2025లో కేంద్ర రవాణా శాఖ బస్సులకు, లారీలకు, పెద్ద ప్రయాణికుల వాహనాలకు తానే బ్రేకు వేసే ఏర్పాటు, డ్రైవరు కునుకును పట్టే ఏర్పాటు ఉండాలని ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు సంతోషించాను. కార్ల కంటే ముందు వాటికే రావాలి.

ఊళ్ళో తిరిగేటప్పుడు ఇంకొక బాధ. ముందు బండికీ మనకూ మధ్య యంత్రం వదిలిన ఖాళీలో ఒక స్కూటరు దూరుతుంది. కారు ఉలిక్కిపడి బ్రేకు వేస్తుంది. వెనుక వస్తున్న ఆటోలో అటువంటి యంత్రం లేదు. అందుకని మా బ్యాంకులో ఒకాయన కారు తీయగానే అన్నీ ఆపేసి బయలుదేరతారు. వాయిదా మాత్రం నెలనెలా కడుతున్నారు. గోతిని తప్పించబోతే గీత దాటావని స్టీరింగు చేతిని వెనక్కి లాగడం కూడా చికాకే. ఒక్క లాభం చెప్పుకోవాలి. ఆ లాగుడు పడలేక మా మేనల్లుడి స్నేహితులు ఇండికేటరు వేయడం నేర్చుకున్నారట. ఏ లైసెన్సు పరీక్షా నేర్పలేనిది అది నేర్పింది!

ఇక మాస్టారి ప్రశ్న. అయ్యా, రాత్రి ప్రయాణంలో మీ పిల్లలకు ముంచుకొచ్చేది నిద్ర. కొన్ని కార్లు డ్రైవరు తూలుతున్నట్టు అనిపిస్తే తెర మీద కాఫీ కప్పు బొమ్మ చూపి ఆగమంటాయి. ఇంకో గంటలో ఇల్లు చేరతామనుకున్న కుర్రవాడు బొమ్మను చూసి ఆగడు. యంత్రం ఉందన్న ధీమాతో సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అట్నుంచి అటే బయలుదేరితే, అది లేని కారు కంటే ఎక్కువ ప్రమాదం. తెల్లవారుజామున బయలుదేరి పగలు రమ్మనండి, మార్చి మార్చి నడిపేందుకు ఇద్దరు ఉండాలనండి. భోజనం చల్లారినా ఫరవాలేదని మీ ఆవిడ చేత ఫోను చేయించండి. మీరు రోడ్డు మీదికి వచ్చి ఎదురుచూస్తున్నారని తెలిస్తే పిల్లలు తొక్కుతారు. ఇది పైసా ఖర్చు లేని పని.

డబ్బు ఖర్చు పెట్టే ముందు డబ్బు అడగని వాటిని వాడుతున్నామా అని కూడా చూసుకోవాలి. మూడు చోట్ల బిగిసే సీటు బెల్టును 1959లో వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారు చేశాడు. కంపెనీ ఆ పేటెంటును లోకమంతా వాడుకొమ్మని వదిలేసింది. మన దేశంలో 2022లో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. ఆ ఏడాదే సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర టాటా సంస్థల మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన జర్మన్ కారు, వెనుక సీటు, బెల్టు లేదు. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటిలో ముందు సీట్ల బెల్టు పెట్టుకోకపోతే కూత, వేగం 80 దాటితే కూత తప్పనిసరి. మనవాళ్ళు ఏం చేశారు? బెల్టు కూత నోరు మూయించే క్లిప్పులు కొన్నారు. 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలిస్తే ఆన్‌లైన్ దుకాణాల నుంచి అటువంటి ప్రకటనలు 13,000కు పైగా తీసేయవలసి వచ్చింది. నూరు రూపాయల కూతను డబ్బిచ్చి నొక్కేవాళ్ళకు రెండు లక్షల కూత దేనికి?

చనిపోయినవారి ఖాతాల క్లెయిములు కొన్నేళ్ళు నా టేబుల్ మీదే జరిగాయి. ముప్ఫై ఏళ్ళు దాటని అమ్మాయి మరణ ధృవీకరణ పత్రం, నామినేషన్ కాగితం పట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చుంటుంది. కారు తుక్కయింది, బీమా డబ్బు రావడానికి ఇంకా కాలం పడుతుంది, కారు అప్పు వాయిదా తేదీ మాత్రం వచ్చేస్తుంది. "సార్, ఈ నెలది కూడా కట్టాలా?" అని అడుగుతారు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళను చూసినవాణ్ణి కాబట్టి, భద్రతకు పెట్టే డబ్బు దండగ అని నా నోట రాదు. సరైన దానికి పెట్టమంటాను.

మా మేనల్లుడికి చెప్పిందీ అదే. ముందు గుద్దుడు పరీక్షలో కారుకు వచ్చిన నక్షత్రాలు చూడు. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ మన దేశంలోనే పరీక్షలు చేసి ఫలితాలు ప్రకటిస్తోంది. ఆరు ఎయిర్ బ్యాగులు, బండి జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్, వెనుక మధ్య సీటుకు కూడా మూడు చోట్ల బిగిసే బెల్టు ఉన్నాయా అని అడుగు. ఆ తరువాత డబ్బు మిగిలితే తానే బ్రేకు వేసేది, పక్కన కనపడని చోట దీపం చూపేది తీసుకో. స్టీరింగు తిప్పుకునేది ఊరికే ఇస్తే కాదనకు, దానికోసం అప్పు చేయకు. వాడు ఇంకో రెండు షోరూములు తిరిగి, సన్‌రూఫ్ లేకుండా బ్రేకు ఏర్పాటు ఉన్న కారు ఒకటి పట్టుకొచ్చాడు. తేడా 70,000 దగ్గర ఆగింది. సన్‌రూఫ్ లేదని మా కోడలు కాస్త అలిగింది గాని, హోసూరు ఎండలకు దాని అవసరం ఏమిటో నాకు అర్థం కాదు.

కొన్నవాళ్ళకు రెండు మాటలు. ముందు అద్దం పగిలి మార్పించినా, బంపరు రిపేరు చేయించినా కెమెరాను, రాడారును మళ్ళీ సరిచూసి గురి కుదర్చాలి. దానికి వేరే బిల్లు వేస్తారు. ఆ ఖర్చు పాలసీలో వస్తుందో లేదో బీమా తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. వీధి మెకానిక్కు దగ్గర చవకగా అద్దం వేయించి, గురి తప్పిన కెమెరాతో తిరగడం కంటే దాన్ని ఆపుకుని తిరగడం నయం. ముందు ఇనుప గార్డులు 2017లోనే నిషేధించారు, రాడారు ముందు అది ఉంటే చూపు ఉండదు. ఫాస్టాగ్ అంటించేటప్పుడు కెమెరా ముందు పడకుండా చూడండి. ఆయుధపూజ నాడు గంధం, కుంకుమ దట్టంగా పట్టించేది సరిగ్గా కంపెనీ చిహ్నం మీదే, చాలా కార్లలో రాడారు ఉండేదీ దాని వెనుకే. బొట్టు బానెట్ మీద పెట్టండి, బంతిపూల దండ కూడా అక్కడికే కట్టి, పూజ అయ్యాక తీసేసి మరీ బయలుదేరండి.